బొలెరో వెనక క్రౌన్ ఆయిల్ ఇంటి కాడే మార్చుకోవచ్చా? నీళ్లల్లో తిరిగిన బండి

విడవలూరు బొలెరో:
అన్నలందరికీ నమస్తే. నాది బొలెరో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, రొయ్యల గుంటల కాడికి మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు తోలుకోవడానికి వాడుకుంటా. మొన్న వానలకి కట్ట మీద దారి మునిగిపోయింది, మేత వెయ్యకపోతే కుదరదు కదా, నీళ్లల్లోనే పోయి వస్తుండినాము, వెనక యాక్సిల్ పూర్తిగా మునిగేది. నీళ్లు తీసినాక చూస్తే 50 దాటితే వెనక నించి ఊఁ అని ఒక మోత వస్తుండాది. ఇక్కడ షెడ్డులో చూపిస్తే క్రౌన్ (వెనక యాక్సిల్ మధ్య హౌసింగ్‌లో ఉండే పెద్ద పళ్ల చక్రం) అయ్యుంటది, నెల్లూరు తీసకపోయి దించాలి అన్నారు. దించే ముందు ఆయిల్ అన్నా మార్చి చూద్దామని నా ఆలోచన. ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటా, కానీ క్రౌన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. కింద దూరి చూస్తే గుండ్రటి హౌసింగ్‌కి అడుగున ఒక బోల్టు, మధ్య ఎత్తులో ఒక బోల్టు కనపడతా ఉండాయి. షాపులో 90 ఇవ్వాలా 140 ఇవ్వాలా అని అడిగితే ఏం చెప్పాలో తెలవక వచ్చేసినా. ఏది పొయ్యాలి, ఎంత పడుద్ది, జాకీ ఎక్కించాలా, కాస్త తెలిసినోళ్లు చెప్పండన్నా.

కావలి పానా:
తమ్ముడూ ముందు ఒక్కటే మాట, ఈ మోత సంగతి పక్కన పెట్టు, యాక్సిల్ మునిగిన బండికి క్రౌన్ ఆయిల్ మార్చాల్సిందే, అనుమానమే లేదు. ఎందుకో చెప్తా. బండి తిరిగేటప్పుడు హౌసింగ్ బాగా వేడెక్కి ఉంటది, లోపల గాలి వ్యాకోచించి పైన బ్రీదర్ (గాలి ఆడే చిన్న మూతి) లోంచి బయటికి పోతా ఉంటది. ఆ వేడి మీద చల్లటి నీళ్లల్లోకి దించేసరికి లోపల గాలి ముడుచుకుని బయట ఏదుంటే దాన్ని లోపలికి లాక్కుంటది, బ్రీదర్ లోంచి, సీల్ అంచుల్లోంచి. మీ గుంటల నీళ్లు ఉప్పు నీళ్లు కూడానూ. డ్యాష్ మీద క్రౌన్ ఆయిల్‌కి లైటు ఏమీ ఉండదు, పళ్లు అరిగి అరిచిందాకా ఎవరికీ తెలవదు, అదే దీంతో వచ్చిన తంటా.

ఇంటి కాడే చేసుకోవచ్చు, ఇంజన్ ఆయిల్ మార్చే మనిషివి కాబట్టి నీకు కష్టం కాదు. బొలెరోకి కింద ఎత్తు బానే ఉంటది, జాకీ పెట్టే పనే లేదు, గోతం పట్ట ఒకటి పరుచుకుని దూరితే చాలు. జాకీ పెట్టకపోతేనే మంచిది కూడా, ఎందుకంటే ఈ ఆయిల్ లెవల్ బండి సమంగా నిలబడి ఉంటేనే కరెక్టుగా వస్తది, ఒక పక్క ఎత్తి పోస్తే ఎక్కువో తక్కువో అయిపోద్ది. సిమెంటు చప్టా మీద పెట్టి, గేర్లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, ముందు టైర్లకి రెండు పక్కలా రాళ్లు పెట్టు. ఎట్టా అయినా ఎత్తాల్సి వస్తే మాత్రం యాక్సిల్ స్టాండులు ఉంటేనే ఎత్తు, ఇటికరాళ్ల మీద, ఒట్టి జాకీ మీద పెట్టి కింద దూరొద్దు, చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నా.

ముందు బండిని హైవే మీద ఒక రౌండు కొట్టించుకుని రా, ఆయిల్ వేడెక్కితే పల్చబడి అడుగున ఉన్న మడ్డి కూడా తోడుకుని వస్తది. కానీ కాల్చుకోకు, కాసేపు ఆగి దూరు.

ఇప్పుడు అసలు మాట. పై బోల్టు ముందు విప్పు. అడుగు బోల్టు కాదు, మధ్యలో ఉన్న ఫిల్లర్ బోల్టు. అది ఏళ్ల తరబడి కదలకుండా ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉంటది, ఒక్కోసారి ఎంత లాగినా రాదు. నువ్వు అడుగుది ముందు విప్పి ఆయిలంతా వదిలేసి, తర్వాత పైది రాకపోతే బండి కదలదు, కొత్త ఆయిల్ పొయ్యడానికి దారి ఉండదు, చివరికి వాకిట్లోకే మెకానిక్కుని పిలిపించాలి. పైది వచ్చిందంటేనే అడుగుది ముట్టుకో. ముందు రోజు రాత్రే వైరు బ్రష్షుతో బోల్టు చుట్టూ మట్టి గీకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టు. రింగు పానా గానీ సాకెట్ గానీ వాడు, స్క్రూ పానా పెట్టి లాగితే బోల్టు తల గుండ్రం అయిపోద్ది, ఇంక వెల్డింగ్ దాకా పోద్ది కథ. కదలకపోతే పానా చివరికి ఇనుప పైపు తొడిగి మెల్లగా బలం వెయ్యి, సుత్తితో కొట్టొద్దు.

ఆయిల్ దిగేటప్పుడు రంగు చూడు, అక్కడే నీ బండి జాతకం అంతా ఉంటది. తేనె రంగు నించి నలుపు దాకా ఏదున్నా పర్లేదు, గంధకం కంపు వస్తది, అది ఆ ఆయిల్ స్వభావమే. పాలు కలిపిన టీ లాగా వచ్చిందంటే నీళ్లు కలిసినట్టే. అడుగు బోల్టుకి అయస్కాంతం ఉంటే దానికి బూడిద రంగు పేస్టు లాగా పట్టి ఉంటది, వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదల. గరుగ్గా రవ్వలు తగిలినా, మెరిసే ముక్కలు, పంటి ముక్క లాంటిది కనపడినా ఇంక ఆయిల్‌తో పని కాదు, క్రౌన్ పినియన్ (క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) దించి చూపించాల్సిందే.

బోల్టుల వాషర్లు కొత్తవి వేసుకో, పది ఇరవై రూపాయల కాడ చూసుకోకు. అడుగుది బిగించి, పైదాంట్లోంచి పోసుకుంటా పో, బొక్క అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలుపెడితే నిండినట్టు. ఎన్ని లీటర్లనేది మాన్యువల్లో ఉంటది, అది చూసి ఒక లీటరు ఎక్కువ తెచ్చి పెట్టుకో. పంపు లేకపోతే చక్రం పై నించి ఒక ప్లాస్టిక్ పైపు దించి గరాటు పెట్టి పొయ్యొచ్చు, చిక్కటి ఆయిల్ కాబట్టి నిదానంగా దిగుద్ది, ఓపిక ఉండాలి.

ఒంగోలు షెడ్డు:
పైన అన్న బాగా చెప్పాడు. ఆయిల్ సంగతి నేను చెప్తా. క్రౌన్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లవు, జారతా ఒరుసుకుంటా తిరుగుతాయి, ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోద్ది, అందుకని జీఎల్-5 అని డబ్బా మీద రాసింది ఉండాలి. 90, 140 అనేది చిక్కదనం, జీఎల్ అనేది తట్టుకునే శక్తి, రెండూ వేరే వేరే. షాపుల్లో 90 అని అడిగితే జీఎల్-4 డబ్బా చేతిలో పెడతారు, అది గేర్‌బాక్స్ కోసం, చదువుకుని తీసుకో. అట్టాగే మిగిలిన జీఎల్-5 గేర్‌బాక్సులో పొయ్యొద్దు, మాన్యువల్లో అదే రాసుంటే తప్ప, పాత గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగుల్ని అది తినేస్తది.

140 ఎందుకు పోస్తారో కూడా చెప్తా. మోత వచ్చే క్రౌన్‌లో చిక్కటిది పోస్తే మోత కాస్త అణిగిద్ది, పాత బండి అమ్మేటప్పుడు చాలామంది చేసే పని అది. కంపెనీ పుస్తకంలో 140 అని ఉంటే పొయ్యి, 80డబ్ల్యూ-90 అని ఉంటే అదే పొయ్యి, మోతని దాచడానికి మాత్రం మార్చొద్దు.

ఇంకోటి, కొన్ని బొలెరోలు, థార్‌లకి వెనక లాకింగ్ డిఫరెన్షియల్ (ఈ క్రౌన్ ఉండే భాగాన్నే డిఫరెన్షియల్ అంటారు) వస్తది, ఒక చక్రం బురదలో తిరిగిపోతుంటే దానంతట అదే లాక్ పడుద్ది. నీదాంట్లో ఉందేమో కనుక్కో, ఉంటే దానికి చెప్పిన ఆయిలే వాడాలి.

నీళ్లు కలిసి ఉంటే ఒక్కసారి మారిస్తే సరిపోదు. లోపల మూలల్లో, యాక్సిల్ గొట్టాల్లో తడి ఉండిపోద్ది. చవక జీఎల్-5 పోసి, కొంచెం దూరం తిప్పి, వేడి మీద మళ్లీ దించేసి, అప్పుడు మంచిది పొయ్యి. మా వైపు చాలా షెడ్లలో డీజిల్ పోసి కడుగుతారు, త్వరగా శుభ్రమవుద్ది.

కావలి పానా:
డీజిల్ కాడ మాత్రం నేను ఒప్పుకోను అన్నా. హౌసింగ్ మూత విప్పి మొత్తం తుడిచేటట్టయితే సరే, బోల్టులోంచి పోసి కడిగితే యాక్సిల్ గొట్టాల్లో నిలిచిపోయిన డీజిల్ తర్వాత కొత్త ఆయిల్‌లో కలిసి పల్చన చేస్తది. ఆ పిల్లోడు మూత విప్పడు, కాబట్టి చవక ఆయిల్‌తోనే కడుక్కోవడం మేలు.

ఒంగోలు షెడ్డు:
మూత విప్పకుండా అయితే నీ మాటే కరెక్టు అన్నా. నేను షెడ్డులో విప్పి చేసేది చెప్పా.

కనిగిరి స్విఫ్ట్:
మధ్యలో వస్తున్నా సారీ అన్నా, నాది స్విఫ్ట్, 90 వేలు తిరిగింది, ఈ వెనక ఆయిల్ ఎప్పుడూ మార్పించలా, నాక్కూడా మార్పించాలా?

కావలి పానా:
నీ బండికి వెనక డిఫరెన్షియలే లేదు తమ్ముడూ, ముందు చక్రాలు లాగే బండి అది. డిఫరెన్షియల్ ముందు గేర్‌బాక్సు లోపలే ఉంటది, గేర్ ఆయిల్ మారిస్తే రెండూ మారినట్టే. 90 వేలు తిరిగిందంటున్నావు కాబట్టి ఆ గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లులు తీసి చూసుకో. వెనక క్రౌన్ ఉండేది బొలెరో, స్కార్పియో, సుమో, పాత ఇన్నోవా, క్రిస్టా ఇట్టాంటి వాటికి. హైక్రాస్ పేరులో ఇన్నోవా ఉన్నా అది ముందు చక్రాల బండే.

విడవలూరు బొలెరో:
అన్నా పని అయిపోయింది, చెప్పినట్టే చేసినా. పై బోల్టు స్ప్రేలో రాత్రంతా నానబెట్టి, పైపు తొడిగి లాగితే టక్కున శబ్దం వచ్చి కదిలింది. అడుగుది విప్పంగానే ముందు ఒక పొర ఒట్టి నీళ్లే పడింది, తర్వాత టీ రంగులో చిక్కగా, నురగ నురగగా దిగింది. పాత డబ్బాని సగానికి కోసి పట్టినా. అయస్కాంతం మీద బూడిద పేస్టే, ముక్కలేమీ లేవు. పైన బ్రీదర్ చూస్తే మూతి బురదతో గట్టిగా మూసుకుపోయి ఉండాది, ఊడబీకి కడిగి, ఊది చూసి పెట్టినా. చవక ఆయిల్ పోసి కోవూరు దాకా పోయి వచ్చి దించితే కొంచెం తెల్లగానే ఉండాది, ఇంకోసారి కడిగి మంచిది పోసినా. మోత బాగా తగ్గింది, 60 దాటినాక మాత్రం సన్నగా వినపడతా ఉండాది. ఇది ఇంక ఇంతేనా?

ఒంగోలు షెడ్డు:
బ్రీదర్ మూసుకుపోయిందంటే వేడికి లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల లోంచి ఆయిల్ తన్ని ఉంటది. వెనక డ్రమ్ములు రెండూ విప్పి చూడు, హబ్బు సీలు పోయి క్రౌన్ ఆయిల్ బ్రేకు లైనర్ల మీదికి వస్తే బ్రేకు పట్టదు, అది మోత కన్నా ప్రమాదం, ఈ వారంలోనే చూడు.

మిగిలిన మోత ఎక్కడిదో ఇట్టా కనిపెట్టు. 60, 70లో పోతా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలేసినప్పుడు ఇంకో రకంగా మారితే క్రౌన్ పినియన్‌ది. తొక్కినా వదిలినా మారకుండా, మెలికల్లో ఒక పక్కకి తిప్పినప్పుడు పెరిగి ఇంకో పక్కకి తగ్గితే చక్రం బేరింగ్‌ది. ఇవేవీ కాకుండా సిమెంటు రోడ్డు మీద ఎక్కువ, తారు మీద తక్కువ వస్తే టైర్లది.

దించిన ఆయిల్ గుంటల కాలవలో మాత్రం పొయ్యొద్దు తమ్ముడూ, కొంచెం చాలు రొయ్యకి. డబ్బాలో పోసి పెట్టి పాత ఆయిల్ కొనుక్కుపోయేవాళ్లకి ఇచ్చెయ్, నీళ్లు కలిసింది విడిగా పెట్టి ముందే చెప్పు.

విడవలూరు బొలెరో:
తొక్కినా వదిలినా ఒకటే మోత అన్నా, ఎడం పక్కకి తిప్పితే పెరుగుతుండాది. ఆదివారం డ్రమ్ములు విప్పుతా, బేరింగ్ కూడా అప్పుడే చూస్తా.

కావలి పానా:
అయితే కుడి పక్క బేరింగ్ ముందు చూడు, ఎడంకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుద్ది. విప్పినాక ఫొటోలు పెట్టు.