కాన్సస్‌ని రాత్రికి రాత్రి దాటేయాలా, ఆగి చూస్తూ వెళ్ళాలా?

రాధిక_ఓవర్‌లాండ్‌పార్క్
ఇంట్లో తేలని పంచాయితీ ఇక్కడ పెడుతున్నా. లేబర్ డేకి (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) కొలరాడోలోని డెన్వర్‌కి, అక్కడి కొండలు చూడ్డానికి వెళ్తున్నాం. శుక్రవారం సెలవు పెట్టాం కాబట్టి మొత్తం నాలుగు రోజులు. కారులో ఆరుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు (9, 5), ఆర్మూరు నుంచి వచ్చిన అమ్మ, బాపు. కాన్సస్ రాష్ట్రం తూర్పు కొసన ఉన్న మా ఊరి నుంచి డెన్వర్ 600 మైళ్ళు. అందులో 400కి పైగా కాన్సస్‌లోనే.

మా ఆయన మాట: గురువారం రాత్రి పదింటికి బయల్దేరదాం, పిల్లలు పడుకుంటారు, తెల్లారేసరికి డెన్వర్‌లో ఉంటాం. "కాన్సస్‌లో ఏముంది, గడ్డి!" నా మాట: శుక్రవారం పొద్దున బయల్దేరి, దారిలో ఒక రాత్రి ఆగి, చూస్తూ పోదాం. బాపుకి షుగర్, రెండు గంటలకోసారి దిగాలి. పైగా వచ్చి మూడు నెలలైంది, పాపం వాళ్ళు బాల్కనీ, ఇండియన్ స్టోరు తప్ప ఏమీ చూడలేదు. మీరైతే ఏం చేస్తారు?

నైట్‌రైడర్_లెనెక్సా
మీవారికే నా ఓటు. ఐ-70 (డెన్వర్ వెళ్ళే ఇంటర్‌స్టేట్ రోడ్డు) మీద పదకొండు సార్లు వెళ్ళొచ్చా, తొమ్మిది సార్లు రాత్రే. సలైనా దాటాక స్టీరింగ్ తిప్పే పనే ఉండదు. పగలు వెళ్తే సాయంత్రం ఎండ సూటిగా కళ్ళలోకి కొడుతుంది, పడమటికి కదా ప్రయాణం. ట్రాఫిక్, రోడ్డు పనులు అదనం. నాలుగు రోజుల సెలవులో కాన్సస్‌కి రెండు రోజులిచ్చి కొండలకి రెండు రోజులు మిగుల్చుకోవడం ఏం లెక్కండీ?

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. సలైనా దాటాక రోడ్డుకి రెండు పక్కలా గాలిమరలుంటాయి. నేను వెళ్ళిన రాత్రుల్లో వాటి ఎర్ర లైట్లన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరేవి. చుట్టూ కటిక చీకటి. అది పగలు వెళ్ళేవాళ్ళకి దొరకదు.

సుబ్బు_విచిటా
"ఏముంది, గడ్డి" అనే వాళ్ళకి ఒక మాట. 2003లో ముగ్గురు భూగోళ శాస్త్రవేత్తలు సరదాకి ఒక ప్యాన్‌కేక్ తెచ్చి, కొలిచి, కాన్సస్ దానికన్నా చదునని తేల్చారు. జనం ఆ జోకునే పట్టుకుని కూర్చున్నారు. 2014లో నిజంగానే లెక్కలేసి ఇంకో పేపరు వచ్చింది. అందులో అన్నిటికన్నా చదునైన రాష్ట్రం ఫ్లోరిడా. కాన్సస్ ఏడోది. ఫ్లోరిడా వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరూ రాత్రికి రాత్రి దాటేద్దాం అనరు!

కాన్సస్ చదును కాదు, వాలు. కాన్సస్ సిటీ దగ్గర వెయ్యి అడుగుల లోపే ఉన్న నేల, కొలరాడో సరిహద్దుకి వచ్చేసరికి 4,000 అడుగులకి చేరుతుంది. మూడు వేల అడుగులు ఎక్కుతూనే ఉంటారు, కారుకి తెలుస్తుంది, మనకి తెలీదు.

ఇంకోటి, ఆ గడ్డి అంటే అల్లాటప్పా గడ్డి కాదు. ఒకప్పుడు ఈ దేశం నడిబొడ్డంతా పరుచుకున్న ఎత్తుగడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది వందలో నాలుగు వంతులకి లోపు. ఆ మిగిలిందాంట్లో ఎక్కువ భాగం ఇక్కడి ఫ్లింట్ హిల్స్‌లోనే. ఎందుకు మిగిలిందంటే, పైపైన మట్టి, కింద చెకుముకి రాళ్ళున్న సున్నపురాయి. నాగలి దిగలేదు. దిగి ఉంటే ఇదీ మొక్కజొన్న చేనయ్యేది.

వంశీ_హేస్
రాత్రి అనేవాళ్ళకి నా దగ్గర ఒకే మాట: జింక. పోయిన నవంబరులో ఎల్లిస్ దగ్గర, అప్పుడప్పుడే చీకటి పడుతోంది, కుడివైపు నుంచి దూకింది. బానెట్టు నలిగింది, రేడియేటరు పోయింది, రోడ్డు పక్కన రెండున్నర గంటలు చలిలో కూర్చున్నాం. మా పాప "జింక బతికిందా నాన్నా" అని అడుగుతూనే ఉంది. బతకలేదు. ఎదురొస్తే బ్రేకు వేయండి గానీ స్టీరింగ్ కొట్టొద్దు, బోల్తా పడేది అప్పుడే.

నైట్‌రైడర్_లెనెక్సా
వంశీ గారూ, అయ్యో. కానీ మీరే చెప్పారు, అది మునిమాపు వేళ, నవంబరు. జింకలు ఎక్కువ తిరిగేది పొద్దు గుంకేటప్పుడు, పొద్దు పొడిచేటప్పుడు. పగలంతా ఊళ్ళు చూసి సాయంత్రం ఏడింటికి హోటలుకి పరిగెత్తేవాళ్ళే వాటికి అడ్డంపడేది. రాత్రి పదింటికి బయల్దేరినవాళ్ళు కాదు.

వంశీ_హేస్
పదింటికి బయల్దేరినవాళ్ళు పొద్దు పొడిచేటప్పుడు ఎక్కడుంటారు మరి? ఆఫీసు చేసి, సామాను సర్ది, తొమ్మిది గంటలు నడిపినవాడు ఆ టైముకి జింకని చూసి బ్రేకు వేసేంత మెలకువగా ఉంటాడా?

భారతి_టొపీకా
రాధికా, నేనిక్కడ ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నానమ్మా. మీ నాన్నగారికి షుగర్ అన్నావు, అక్కడే తేలిపోయింది. రాత్రంతా కాళ్ళు వేలాడేసుకుని కూర్చోబెట్టకు.

టొపీకా దాటాక ఐ-70 మీద ఎగ్జిట్ నంబరంటే కొలరాడో సరిహద్దు నుంచి ఎన్ని మైళ్ళో అది. ఎంత దూరం మిగిలిందో పిల్లలే లెక్కపెడతారు. 307 దగ్గర దిగితే కోంజా ప్రెయిరీ, సుబ్బు చెప్పిన ఎత్తుగడ్డి మైదానమే. రెండున్నర మైళ్ళ బాట ఉంది, అమ్మానాన్నలు అంతా నడవక్కర్లేదు, అర మైలు వెళ్ళి వెనక్కి వచ్చినా చాలు. సెప్టెంబరులో గడ్డి మనిషెత్తు ఉంటుంది. ఒక రకం గడ్డికి కంకి చివర మూడు పాయలుగా చీలి అచ్చం కోడికాలులా ఉంటుంది. పిల్లలకి చూపించు, తర్వాత ఎక్కడ కనిపించినా వాళ్ళే అరుస్తారు. అడవిదున్నలు (బైసన్) ఉంటాయి గానీ ఆ బాట మీంచి కనిపించవు, ఆశపెట్టకు.

275 దగ్గర ఆబిలీన్. ఐసెన్‌హోవర్ పెరిగిన ఇల్లు, మ్యూజియం, సమాధి. 1919లో సైన్యం ట్రక్కులతో పాటు దేశం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళడానికి ఆయనకి 62 రోజులు పట్టిందట. తర్వాత అధ్యక్షుడై 1956లో ఈ ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం మీద సంతకం చేసింది ఆయనే. అదే ఏడాది నవంబరులో మా టొపీకాకి పడమట ఎనిమిది మైళ్ళు పూర్తిచేసి, మొదటిది మాదే అని కాన్సస్ వాళ్ళు బోర్డు పెట్టారు. కాదు మాదేనని మిస్సోరి వాళ్ళంటారు. కాంట్రాక్టు ముందు ఇచ్చింది వాళ్ళు, రోడ్డు ముందు వేసింది వీళ్ళు. ఆ గొడవ ఇప్పటికీ తేలలేదు.

206 దగ్గర దిగి ఉత్తరానికి వెళ్తే లూకస్. ఒక ముసలాయన 1907 నుంచి ఇంటి చుట్టూ సిమెంటుతో ఆదాము, అవ్వ, పాములు, దేవదూతలు అన్నీ పోసిపెట్టాడు. ఆ ఆవరణలోనే ఆయన శవాన్ని గాజు మూత ఉన్న పెట్టెలో చూపిస్తారు. తెలీక మా అత్తగారిని తీసుకెళ్ళా. హోటలుకి వచ్చి తలస్నానం చేసేదాకా ఆవిడ కాఫీ ముట్టలేదు! నువ్వు ముందే చెప్పి తీసుకెళ్ళు. అదే ఊళ్ళో పబ్లిక్ టాయిలెట్‌ని టాయిలెట్ ఆకారంలోనే కట్టారు, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

నైట్‌రైడర్_లెనెక్సా
భారతి గారూ, మీ మీద గౌరవంతోనే లెక్క చెప్తా. కోంజా గంటన్నర, ఆబిలీన్ రెండు గంటలు, లూకస్‌కి పోను రాను కలిపి రెండు గంటలు. భోజనం ముప్పావు గంట. ఐదేళ్ళ పిల్ల, షుగర్ ఉన్న పెద్దాయన, ఆరుగురు దిగి ఎక్కడం. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే హేస్ చేరేది రాత్రి ఏడున్నరకి. వంశీ గారి జింక టైము.

పేరెందుకులెండి
అందరూ ఎగ్జిట్లు, గడ్డి మాట్లాడుతున్నారు. 2017 ఫిబ్రవరి మర్చిపోయారా? కాన్సస్ సిటీ శివారు ఓలేథాలో, ఒక బార్‌లో మనవాళ్ళిద్దరి మీద కాల్పులు జరిగాయి, ఒకరు మళ్ళీ ఇంటికి రాలేదు. నేనప్పుడు అక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో ఉండేవాణ్ణి. అప్పట్నుంచి చిన్న ఊళ్ళలో పెట్రోలుకి తప్ప దిగను. చీరకట్టుతో ఉన్న అమ్మగారిని తీసుకుని ఊరూరా ఆగడం నా వల్ల కాదు. పిరికివాడు అనుకోండి.

సుబ్బు_విచిటా
ఎవరూ అలా అనుకోరన్నా. ఆ వారం మా ఇంట్లోనూ ఎవరికీ నిద్ర లేదు. కానీ అది జరిగింది మనందరం ఉండే చోటే, పల్లెలో కాదు. ఆ రోజు అడ్డుపడి తూటా తిన్న మనిషి కూడా అక్కడివాడే. నేను రూక్స్, లోగన్, గోవ్ కౌంటీల్లో పని మీద ఆరేళ్ళు తిరిగా. వింతగా చూస్తారు, అది నిజం. అంతకు మించి నాకేమీ ఎదురవలేదు. నాకు ఎదురవలేదు కాబట్టి ఎవరికీ ఎదురవదు అని మాత్రం అనను.

పేరెందుకులెండి
సరే. ఆ చివరి మాటకి థాంక్స్.

సుబ్బు_విచిటా
రాధిక గారూ, నైట్‌రైడర్ గారి లెక్క తప్పు కాదు. అన్నీ చూద్దామనుకుంటే ఏదీ చూడరు. ఆబిలీన్ వదిలేయండి, మ్యూజియం ఐదేళ్ళ పిల్లకి శిక్ష. కోంజాలో గంట, లూకస్, సాయంత్రం ఆరుకి హేస్. మర్నాడు పొద్దున అసలుది: 76 దగ్గర ఓక్లీలో దిగి, 83వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి ఇరవై మైళ్ళు, తర్వాత ఏడు మైళ్ళు కంకర దారి. మాన్యుమెంట్ రాక్స్. ఎనిమిది కోట్ల ఏళ్ళ కింద అక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సుద్ద ఇప్పుడు 70 అడుగుల గోడల్లా నిలబడి ఉంది. చుట్టూ ఏమీ ఉండదు. టికెట్టు లేదు, గేటు లేదు, బాత్రూం లేదు, నీళ్ళు లేవు. ఎవరిదో సొంత పొలం, మంచితనంతో జనాన్ని రానిస్తున్నారు. వాన పడితే మాత్రం ఆ దారి పట్టకండి. రాళ్ళెక్కనివ్వకండి, గోరు గీస్తే రాలిపోయేంత మెత్తన.

ఇంకోటి. గుడ్‌ల్యాండ్ చుట్టుపక్కల పొద్దుతిరుగుడు చేలు ఆ వారం ఇంకా పూత మీదే ఉంటాయి. ముదిరిన పువ్వు పొద్దుతో పాటు తిరగదు, తూర్పుకి మొహం పెట్టి నిలబడిపోతుంది. అంటే డెన్వర్ వెళ్ళేటప్పుడు పువ్వులన్నీ మీవైపే చూస్తుంటాయి. తిరిగొచ్చేటప్పుడు అన్నీ వీపులే. కాబట్టి వెళ్ళేది పగలు, వచ్చేది రాత్రి పెట్టుకోండి. ఇంట్లో ఇద్దరి మాటా నిలుస్తుంది.

రాధిక_ఓవర్‌లాండ్‌పార్క్
(పది రోజుల తర్వాత) వెళ్ళొచ్చాం. పోయింది పగలు, వచ్చింది రాత్రి.

కోంజాలో అమ్మకి ఎండ తగిలి ఇరవై నిమిషాల్లోనే వెనక్కి తిరిగాం. లూకస్‌లో శవం సంగతి ముందే చెప్తే అమ్మ కారు దిగలేదు. బాపు మాత్రం దార్లో కంచెల్నే చూస్తున్నాడు. ఆ పక్క చెట్లు లేవని సున్నపురాయిని కోసి స్తంభాలుగా పాతారు కదా. "మన రాతి కడీలే గదా బిడ్డా, గీళ్ళకెట్ల తెల్సింది?" అన్నాడు. మా పెద్దోడు కోడికాలు గడ్డి రెండుసార్లు పట్టుకున్నాడు.

శనివారం మాన్యుమెంట్ రాక్స్ చూసి వస్తుంటే కంకర దారి పక్కన బాపు "ఆపు ఆపు" అన్నాడు. షుగర్ పడిపోయిందేమో అని మాకు టెన్షన్. ఆయన దిగి నేరుగా చేను గట్టుకి పోయి నిలబడ్డాడు. జొన్న! నడుము దాకా కూడా లేదు, కంకులు మాత్రం ముద్దగా, ఎర్రగా. మా ఊళ్ళో ఎర్రజొన్న విత్తనానికి పండిస్తారు, బాపు జీవితమంతా అదే. "గిది మన ఎర్రజొన్న లెక్కనే ఉంది, గింత పొట్టిగేంది?" అని కంకిని ముట్టుకోకుండా వంగి వంగి చూస్తున్నాడు. పరాయి చేను కదా.

అంతలో వెనక నుంచి పికప్ ట్రక్కొచ్చి ఆగింది. పైన రాసిన 2017 మాట నా తలలో తిరిగింది, అబద్ధం చెప్పను. తెల్లజుట్టు పెద్దమనిషి, కారు ఆగిపోయిందా అని అడిగాడు. కాదు, మా నాన్న రైతు, చేను చూస్తున్నాడు అని చెప్పా. ఆయన ఇంజను ఆపి దిగాడు. తర్వాత అరగంట నాకు దుబాసీ పని. వాళ్ళు దాన్ని మైలో అంటారట. మిషను కోతకి వీలుగా పొట్టి రకం. తినడానికా అని బాపు అడిగితే, పశువులకి, కొంత ఇథనాల్‌కి అన్నాడు. మనుషులు తినరా అంటే ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. జొన్న ఈ దేశంలో అన్నిటికన్నా ఎక్కువ పండేది కాన్సస్‌లోనేనట, తినేవాడు మాత్రం లేడు!

అమ్మ కారులోంచి ఫాయిల్ విప్పి తెచ్చింది. బాపు షుగర్ కోసం తెల్లారకముందు ఇంట్లో చేసి కట్టుకున్న జొన్నరొట్టె, నిన్నటిది, గట్టిపడింది. ఆయన టోపీ తీసి, ఒక ముక్క తుంచి, చాలాసేపు నమిలాడు. ఉప్పు వెయ్యరా అని అడిగాడు. అమ్మకి తర్జుమా చేస్తే "పచ్చడి ఇద్దునా" అంది. వద్దన్నా.

ధర అడగమన్నాడు బాపు. అక్కడ బుషెల్ లెక్క, 56 పౌండ్లు. క్వింటాలుకి నాలుగు బుషెళ్ళకి కొంచెం తక్కువ. వేళ్ళ మీద లెక్కేసి "గిట్టది" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆ రైతు తల అడ్డంగా ఊపాడు.

డెన్వర్ చేరేసరికి చీకటి పడింది. కొండలకి ఒక్క రోజే మిగిలింది, మా ఆయన ఇప్పటికీ గొణుగుతున్నాడు, అందులో న్యాయం ఉంది.

నైట్‌రైడర్_లెనెక్సా
తిరుగు ప్రయాణం రాత్రి ఎలా ఉంది?

రాధిక_ఓవర్‌లాండ్‌పార్క్
హాయిగా ఉంది. జింక కనపడలేదు. గాలిమరల లైట్ల టైముకి అందరూ నిద్ర, నేనూ మా ఆయనా చూశాం.

నైట్‌రైడర్_లెనెక్సా
ఆ జొన్న చేను ఏ దారిలో అన్నారు? అక్టోబరులో మా నాన్నగారు వస్తున్నారు. కర్నూలు.

సుబ్బు_విచిటా
అక్టోబరంటే కోత మొదలైపోతుంది. మొదటి వారంలోనే వెళ్ళండి.