‘చచ్చినా వెయ్యే’ అని వాడొచ్చా?

ప్రశ్న: చితికిపోయిన స్మార్ట్‌ఫోన్ కంపెనీల టేకోవర్ల మీద రాసిన వ్యాసానికి ‘ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే’ అని హెడింగ్ పెట్టాను. అమ్మకాలు పడిపోయినా బ్రాండు, పేటెంట్లు ఉంటాయి కాబట్టి కొనేవాడు దొరుకుతాడని నా ఉద్దేశం. సబ్ ఎడిటర్ గారు కొట్టేశారు. తప్పేముందండీ?

జవాబు: నేనూ కొట్టేసేవాణ్ణే. ఈ సామెత బలమంతా చివరి ఏకారంలో ఉంది. ‘వెయ్యే’ అంటే పైసా తగ్గలేదని. షేరు పట్టుకుని కూర్చున్నవాడి ముందు ఆ మాట అని చూడండి! బ్లాక్‌బెర్రీ షేరు 2008లో 140 డాలర్లు దాటింది. 2013 సెప్టెంబరులో ప్రేమ్ వత్స గారి కెనడా పెట్టుబడుల కంపెనీ ఫెయిర్‌ఫాక్స్, బ్లాక్‌బెర్రీని కొనడానికి షేరుకు ఇస్తామన్నది 9 డాలర్లు. ఆ ప్రకటన వచ్చాక కూడా మార్కెట్లో షేరు 9కి దిగువనే తిరిగింది. బేరం కుదురుతుందని ఇన్వెస్టర్లకు నమ్మకం లేదన్నమాట. నవంబరులో కొనుగోలు ఊసే పోయింది, దాని బదులు షేర్లుగా మార్చుకోగల డిబెంచర్ల (అంటే అప్పు పత్రాల) రూపంలో 100 కోట్ల డాలర్లు వచ్చాయి. కంపెనీ మునిగితే డిబెంచరుదారు వరుసలో ముందుంటాడు, షేరుదారు చివర. ఇందులో వెయ్యి ఎవరికి, ఏనుగు ఎవరికి?

మరో జవాబు: అంత కచ్చితంగా కొట్టిపారేయకండి. 2011లో గూగుల్ మోటరోలా మొబిలిటీ షేరుకు 40 డాలర్లు ఇస్తానంది, అప్పటి ధర మీద 63 శాతం ఎక్కువ. ఆ షేరుదారుకు సామెత అతికినట్టు సరిపోతుంది. గూగుల్ కన్ను దంతాల మీద, అంటే పేటెంట్ల మీద. 2014లో ఫోన్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేస్తూ పేటెంట్లలో ఎక్కువ భాగం తనే ఉంచేసుకుంది. నోకియా ఇంకా గడుసుది. ఫోన్ల విభాగాన్ని 544 కోట్ల యూరోల ఒప్పందంలో మైక్రోసాఫ్ట్‌కు అంటగట్టి, పేటెంట్లను లైసెన్సుకు మాత్రమే ఇచ్చింది. 2015లో మైక్రోసాఫ్ట్ 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది, దాదాపు కొన్న ధరంతా.

ప్రశ్న వేసినవారు: పోనీ ‘ఓడలు బండ్లవుతాయి’ అంటే?

జవాబు: అది పతనానికి సరిపోతుంది కానీ ధర మాట అందులో లేదు. పైగా ప్రతి బిజినెస్ పేజీలోనూ అరిగిపోయింది. మీ సామెతకే ప్రశ్న తగిలించండి: ‘చచ్చినా వెయ్యేనా?’

ప్రశ్న వేసినవారు: బాగుంది, అదే పంపిస్తున్నా. నోకియా లెక్క మొదటి పేరాలోకి తెస్తాను.