విల్లా సరచేనోకి తెలుగు వికీపీడియాలో విడి వ్యాసం పెట్టవచ్చా?

అందరికీ నమస్కారం. ఇటలీలో విచెంజా దగ్గర అగుల్యారో అనే ఊళ్లో విల్లా సరచేనో ఉంది. 1540లలో ఇటాలియన్ వాస్తుశిల్పి ఆంద్రేయా పల్లాడియో రూపకల్పన చేసిన ఇల్లు. విల్లా అనగానే మనకు జూబ్లీహిల్స్ బంగళా గుర్తొస్తుంది కానీ, ఇది పొలం మధ్య కట్టుకున్న ఆసామి ఇల్లు. అటక మీద ధాన్యం కొట్టు కూడా ఉంది! 1570లో వేసిన తన గ్రంథంలో పల్లాడియో దీని ప్లాన్ ఇచ్చాడు, అయితే అందులో గీసినదంతా కట్టలేదు.

దీని మీద తెలుగులో వ్యాసం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు పట్టుకున్న టెన్షన్ విషయ ప్రాముఖ్యత గురించి, అంటే విడి వ్యాసానికి ఇది తగిన విషయమేనా అని. విచెంజా నగరానికి 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది, 1996లో చుట్టుపక్కల విల్లాలనూ అందులో కలిపారు. మొత్తం 24 విల్లాల్లో ఇదొకటి. జాబితాలో పేరుంటే చాలా? లేక ఈ ఇంటి గురించే ఎవరైనా వివరంగా రాసి ఉండాలా? రెండోదే సరైనదని నా మనసు చెబుతోంది.

ఇంకో చిక్కు. ఈ ఇంటిని బాగుచేయించి, సెలవులకు అద్దెకిస్తున్నది ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే బ్రిటిష్ సంస్థ. దీని చరిత్రను వాళ్లు చక్కగా రాశారు, కానీ అద్దెకిచ్చేవాళ్ల మాటను స్వతంత్ర ఆధారం అనగలమా? పల్లాడియో గ్రంథం కూడా కట్టినవాడి సొంత మాటే కదా.

తెలుగులో ఆధారాలేవీ దొరకలేదు. ఇటాలియన్, ఇంగ్లీషు పుస్తకాలే చూపిస్తే సరిపోతుందా? లేదంటే పల్లాడియో విల్లాలన్నిటికీ ఒకే వ్యాసం రాసి, అందులో దీనికో విభాగం పెట్టనా? విడి వ్యాసం మొలకగా (రెండు మూడు వాక్యాల చిన్న వ్యాసంగా) మిగిలిపోతుందంటే ఆ దారే పడతాను. ఇలాంటి కట్టడాల మీద రాసినవాళ్లు చెప్పండి.