డర్క్ పిట్ నవలలు ఏ వరసలో చదవాలండీ?

మాది రాజోలు దగ్గర లంక ఊరు. మొన్న రాజమండ్రిలో పాత పుస్తకాల బండి మీద అమెరికా రచయిత క్లైవ్ కస్లర్ రాసిన డర్క్ పిట్ నవలలు (డర్క్ పిట్ అంటే సముద్రాల మీద సాహసాలు చేసే హీరో) నాలుగు దొరికాయి. ఒకదానికి ఆఖరి పేజీలే లేవు, అది వేరే బాధ.

'రైజ్ ద టైటానిక్' రెండు రాత్రుల్లో అయిపోయింది. రాసింది 1976లో. అప్పటికి అసలు ఓడ ఎక్కడుందో ఎవరికీ తెలీదు కాబట్టి చెక్కుచెదరకుండా పైకి తేల్చేశాడు. 1985లో నిజంగా దొరికేసరికి అది రెండు ముక్కలు! ఆ సంగతి తెలిసి చదివినా టెన్షన్ ఏమాత్రం తగ్గలేదు. గోదాట్లో మునిగిన పంటు తియ్యడానికే మావాళ్లు నానా తిప్పలు పడతారు మరి.

సిరీస్ 1973లో మొదలైంది, ఇరవైకి పైగా నవలలున్నాయి. మొదటి నుంచీ వరసగా చదవాలా, ఏది దొరికితే అది పట్టుకోవచ్చా? 2004 నుంచి కొడుకుతో కలిసి రాసినవి చప్పగా ఉంటాయని మా బావ అంటాడు. ఆయన చదివింది ఒక్కటే, అదీ సగం. 2020లో కస్లర్ పోయాక కొడుకు ఒక్కడే రాసినవి ఎలా ఉన్నాయి? రచయితే కథలో దూరి హీరోకి సాయం చేస్తాడట, అది నవ్వొస్తుందా, విసుగా? చదివినవాళ్లు కాస్త చెప్పండి. కథ మలుపులు మాత్రం బయటపెట్టకండేం.