కాపీ చేసింది పోతోంది, దారి ఉందా?

ప్రశ్న: నిన్న అరగంట కూర్చుని రాసిన పేరా కట్ చేశాను, పేస్ట్ చేసేలోపు ఎవరో ఫోన్ నంబర్ అడిగితే అది కాపీ చేశాను, అంతే, పేరా గల్లంతు. విండోస్ 10. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకండీ, విండోస్ కీ, వి కలిపి నొక్కండి. మొదటిసారి క్లిప్‌బోర్డ్ హిస్టరీ, అంటే కాపీ చేసినవి దాచి ఉంచే జాబితా, ఆన్ చేయమంటుంది. ఇక అక్కడి నుంచి కాపీ చేసినవి 25 దాకా వరసగా కనిపిస్తాయి, కావాల్సినదాని మీద క్లిక్ చేస్తే చాలు. రోజూ వాడేవి పిన్ చేసుకోండి, లేదంటే రీస్టార్ట్ చేయగానే పోతాయి.

ఇంకొకరు: కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా అందులోనే కూర్చుంటుంది, జాగ్రత్త. నలుగురూ వాడే సిస్టమ్ అయితే క్లియర్ ఆల్ కొట్టండి.

అడిగినవారు: పనిచేసింది! మరి నిన్నటి పేరా?

జవాబు: ఆన్ చేయకముందువి రావండీ. ఆ ఫైలు ఇంకా మూయకపోతే కంట్రోల్ జెడ్ కొట్టి చూడండి, చేసిన మార్పులు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తాయి.