మాంట్‌గోమరీ నుంచి అట్లాంటిక్ సిటీ దాకా: ఒప్పించే మాట ఉద్యమానికి ఎలా పనికొచ్చింది?

ప్రశ్న:
డిగ్రీ విద్యార్థులకు వక్తృత్వం పాఠానికి అమెరికా నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమం తీసుకున్నాను. అందరూ ఎత్తుకునేది మార్టిన్ లూథర్ కింగ్ 1963లో చేసిన ‘నాకో కల ఉంది’ ప్రసంగమే, అందులోనూ చివరి భాగమే. ఉపన్యాసానికి చప్పట్లు కొట్టడం వేరు, మాంట్‌గోమరీ నల్లజాతీయుల్లా ఏడాది పాటు బస్సెక్కకుండా పనికి నడిచి వెళ్లడం వేరు. ఆ రెండోది మాటతో ఎలా చేయించారు? ఏవి చదివించాలి?

జవాబు 1:
కింగ్ కన్నా ముందు జో ఆన్ రాబిన్సన్ కరపత్రం చదివించండి. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, బస్సులో తెల్లవారికి సీటు వదలనందుకు 1955 డిసెంబర్ 1న నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే రాబిన్సన్ రాత్రికి రాత్రే వేల కాపీలు సైక్లోస్టైల్ తీసి మర్నాడు పంచిపెట్టించారు. అదొక చిన్న కాగితం, కానీ అందులో ఉన్న వరస చూడండి. సీటు వదలనందుకు మరో నల్లజాతి మహిళను జైల్లో పెట్టారనే సంగతి మొదట. అంతకుముందు ఇదే కారణంతో జరిగిన క్లాడెట్ కాల్విన్ అరెస్టు ప్రస్తావన తర్వాత. బస్సుల్లో నాలుగింట మూడు వంతుల మంది మనవాళ్లేనన్న లెక్క ఆపైన. చివరికి అడిగింది ఒక్కటే: సోమవారం బస్సెక్కొద్దు. బడి సంగతేమిటి, పని సంగతేమిటి అని చదివేవాళ్లకు వచ్చే సందేహాలకూ అక్కడే జవాబుంది: ఒక్కరోజు బడి మానొచ్చు, పనికి టాక్సీలోనో నడిచో వెళ్లొచ్చు.

సోమవారం నల్లజాతీయులు దాదాపు ఎవరూ బస్సెక్కలేదు. ఆ సాయంత్రం హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో 26 ఏళ్ల కింగ్ మాట్లాడారు. ముందు ఓపిక నశించిందని జనం కోపానికి గొంతునిచ్చారు, వెంటనే హింస వద్దని దానికి హద్దు గీశారు. ఆపైన మెట్లు: మనది తప్పైతే సుప్రీంకోర్టుదీ తప్పే, రాజ్యాంగానిదీ తప్పే, దేవుడిదీ తప్పే. అవతలివాళ్లు కాదనలేని ప్రమాణాలనే ఎంచుకున్నారు. తర్వాత మరో పాస్టర్ రాల్ఫ్ అబర్నతీ బహిష్కరణ కొనసాగించాలన్న తీర్మానం చదివితే జనం లేచి నిలబడి ఆమోదించారు.

బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. దాన్ని నిలబెట్టింది ఒక్క ప్రసంగం కాదు. దాదాపు 300 కార్లతో రవాణా ఏర్పాటు, క్రమం తప్పని చర్చి సభలు, మరోవైపు కోర్టు కేసు. రేపు ఏం చేయాలో చెప్పకుండా ఆవేశం మాత్రమే రగిలించే ప్రసంగం ఇంటికెళ్లేసరికి చల్లారిపోతుంది. పిల్లలు రాసే ప్రసంగాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపమిదే.

జవాబు 2:
పై జవాబుకు కింగ్ జైలు నుంచి రాసిన బర్మింగ్‌హామ్ జైలు లేఖ (1963 ఏప్రిల్ 16) కలపండి. అది పోలీసులకో, బద్ధవిరోధులకో రాసింది కాదు. నిరసనలకు ఇది సమయం కాదన్న ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులకు రాసింది. అందుకే నిజాలు సేకరించడం, చర్చలు జరపడం, ఆత్మశుద్ధి, ఆ తర్వాతే ప్రత్యక్ష చర్య అని వరసగా చూపిస్తుంది. తొందరపడ్డారన్న విమర్శకు అదే జవాబు. ‘ఆగండి’ అనేవాళ్లకు అవమానాలన్నీ ఒకే సుదీర్ఘ వాక్యంలో పేర్చి చెప్పిన చోటును గట్టిగా చదివించి, తర్వాత దాన్ని చిన్న వాక్యాలుగా విరగ్గొట్టించండి. ఆగడమంటే ఏమిటో ఆ పొడవే అనుభవంలోకి తెస్తుందని వాళ్లకే అర్థమవుతుంది.

వాషింగ్టన్‌లో చేసిన ఆ ‘నాకో కల ఉంది’ ప్రసంగం చెప్పాల్సి వస్తే మొదటి సగం వదలొద్దు. నల్లజాతీయులకు అమెరికా ఇచ్చిన మాటను చెల్లని చెక్కుతో పోల్చింది అక్కడే. బాకీ ఏమిటో చెప్పకుండా కల మాత్రమే వినిపిస్తే అది శుభాకాంక్షల కార్డైపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగం. బాగా మాట్లాడినా అప్పటికప్పుడు గెలవని ఉదాహరణ ఏదైనా ఉందా?

జవాబు 3:
మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి పొలం కూలీ ఫానీ లూ హేమర్. 1964 ఆగస్టు 22, అట్లాంటిక్ సిటీలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ, ప్రతినిధులుగా ఎవరు కూర్చోవాలో తేల్చే అర్హతల కమిటీ ముందు. తెల్లవాళ్లే ఉన్న మిసిసిపీ ప్రతినిధుల స్థానంలో తమకు సీట్లివ్వాలని ఆమె బృందం కోరింది. ఇంటి చిరునామాతో మొదలుపెడతారు. ఓటరుగా నమోదుకు 18 మంది 26 మైళ్లు వెళ్లడం, పొలం యజమాని వెళ్లగొట్టడం, వినోనా జైల్లో కొట్టించడం అన్నీ తేదీలతో చెబుతారు. విశేషణాలు దాదాపు ఉండవు. ఇదేనా అమెరికా అన్న ప్రశ్న చివర్లోనే వస్తుంది. అప్పటికి సాక్ష్యమంతా విన్నాం కాబట్టి ఆ ప్రశ్న నినాదంలా ఉండదు.

ఆమె మాట్లాడుతుండగానే అధ్యక్షుడు జాన్సన్ హఠాత్తుగా విలేకరుల ముందుకొచ్చి కెమెరాలను తనవైపు తిప్పుకున్నారు. టీవీ సంస్థలు ఆ రాత్రి ఆమె సాక్ష్యాన్ని మళ్లీ చూపించాయి. అయినా పార్టీ ఇవ్వజూపింది రెండు సీట్లే. ఆమె బృందం వాటిని తిరస్కరించింది. 1968 చికాగో పార్టీ మహాసభలో హేమర్ ప్రతినిధిగా కూర్చున్నారు.