ఫెడరల్ కార్యాలయ ఆవరణలో పార్కింగ్ టికెట్: కట్టేయాలా, కోర్టులో వాదించాలా?

ప్రశ్న

నమస్కారం. మేము అమెరికాలో ఉంటున్నాము. గత నెలలో మా అత్తగారికి ఒక ఫెడరల్ కార్యాలయంలో పని ఉంటే తీసుకువెళ్లి, ఆ భవనం వెనుక ఉన్న స్థలంలో కారు నిలిపాను. నలభై నిమిషాలలో తిరిగి వచ్చేసరికి వైపర్ కింద టికెట్ ఉంది. అనుమతి లేనిచోట కారు నిలిపానని అందులో రాశారు. నేను పక్కవీధి గేటులోంచి లోపలికి వచ్చాను, ఆ దారిలో ఎక్కడా బోర్డు లేదు. టికెట్ చూశాక చుట్టూ తిరిగి వెతికితే, ఆ వరుసలు ఉద్యోగులకు మాత్రమేనని చెప్పే బోర్డు ప్రధాన ద్వారం దగ్గర, అటునుంచి వచ్చేవారికి మాత్రమే కనబడేటట్లు ఉంది.

ఇంతకుముందు నగరంలో ఒకసారి పార్కింగ్ టికెట్ వస్తే ఆన్‌లైన్‌లో అభ్యంతరం రాసి పంపాను, దానితో సరిపోయింది. ఈ కాగితం మీద మాత్రం యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్టు అని ఉండటంతో భయం పట్టుకుంది. డబ్బు కట్టేసి ఊరుకోవడం మంచిదా, లేక నా వాదన వినిపించే అవకాశం నిజంగా ఉందా?

మొదటి జవాబు

మీ భయంలో కొంత అర్థముంది, కొంత అనవసరం. నగరపాలక సంస్థ ఇచ్చే పార్కింగ్ టికెట్ చాలాచోట్ల సివిల్ వ్యవహారం. దాన్ని ఆ నగరపు విభాగమే పరిశీలిస్తుంది. మీ చేతిలో ఉన్నది ఫెడరల్ వైలేషన్ నోటీసు, అంటే ఫెడరల్ నియమాన్ని ఉల్లంఘించారని ఇచ్చే కాగితం. ఇటువంటి నోటీసుల డబ్బు, కాగితాలు అన్నీ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న సెంట్రల్ వైలేషన్స్ బ్యూరోకు చేరుతాయి, కాని ఆ బ్యూరో న్యాయనిర్ణయం చేయదు. మీరు అక్కడికి ఎంత చక్కని ఉత్తరం రాసినా, టికెట్‌ను కొట్టివేసే అధికారం వారికి లేదు. విచారణ జరిపేది మీ ప్రాంతపు ఫెడరల్ మేజిస్ట్రేట్ జడ్జి. అదికూడా చిన్న నేరాలకు సంబంధించిన క్రిమినల్ విచారణ పద్ధతి ప్రకారం, అంటే ఫెడరల్ క్రిమినల్ విచారణ నిబంధనలలోని 58వ నిబంధన కింద జరుగుతుంది. జ్యూరీ ఉండదు.

నోటీసులో రెండు గడులు ఉంటాయి, ముందు వాటిని చూడండి. ఒకదానిలో గుర్తు ఉంటే కోర్టుకు హాజరు కావడం తప్పనిసరి. రెండవదానిలో ఉంటే డబ్బు కట్టి ముగించవచ్చు, లేదా కోర్టుకు వెళ్లవచ్చు. మీది దాదాపు ఖాయంగా రెండవ రకమే. కట్టదలచుకుంటే జరిమానాకు పైన 30 డాలర్ల ప్రాసెసింగ్ రుసుము కూడా ఉంటుంది. వాదించదలచుకుంటే కట్టకుండా ఉండాలి. విచారణ తేదీ నోటీసులోనే లేకపోతే తపాలాలో వస్తుంది. ఆ తేదీన వెళ్లకపోవడం మాత్రం చేయకూడని పని, ఎందుకంటే పార్కింగ్ వంటి చిన్న విషయంలోనైనా వారంటు జారీ చేసే అధికారం కోర్టుకు ఉంది.

ఇక మీ వాదన సంగతి. ఫెడరల్ కార్యాలయ భవనాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్. దాని అధీనంలోని భవనాలలో ప్రవర్తనా నియమాలను ప్రజలు వచ్చే ప్రతి ప్రవేశద్వారం దగ్గరా ప్రదర్శించాలని వారి నిబంధనలే చెబుతున్నాయి. ఆ నియమాలకు ఆధారమైన చట్టం కూడా, అవి ఆ ఆస్తి మీద స్పష్టంగా కనబడేచోట ఉండాలని అంటుంది. కాబట్టి "బోర్డు చూడలేదు" అనడం బలహీనమైన మాట. "నేను వచ్చిన ప్రవేశంలో బోర్డే లేదు" అనడం బలమైన మాట. "నలభై నిమిషాలే కదా" అన్నదాన్ని అసలు ఎత్తకండి. అది తప్పు ఒప్పుకున్నట్లే వినిపిస్తుంది.

రెండవ జవాబు

పై వివరణతో నాకు పేచీ లేదు, కాని నా అనుభవం కూడా వినండి. కొన్నేళ్ల క్రితం ఒక జాతీయ ఉద్యానవనంలో నాకు ఇటువంటి టికెట్ వస్తే, ఇదే పట్టుదలతో విచారణకు వెళ్లాను. నా ఫోటోలు మూడు వారాల తరువాత తీసినవి. టికెట్ రాసిన రేంజర్ దగ్గర ఆ రోజునే తీసిన ఫోటో ఉంది, అందులో నా కారు వెనుక అద్దానికి ఆరడుగుల దూరంలో బోర్డు నిక్షేపంగా నిలబడి ఉంది! నేను దాన్ని దాటుకుంటూనే లోపలికి వెళ్లానట. ఓడిపోయాను. పైగా ఒక రోజు సెలవు, రానుపోను నాలుగు గంటల ప్రయాణం.

ఇంకొక విషయం. నోటీసులో రాసిన మొత్తం కోర్టుకు వెళ్లకుండా ముగించుకునేవారి కోసం ఆ జిల్లా కోర్టు ముందుగా నిర్ణయించినది. విచారణలో ఓడితే జడ్జి ఆ అంకెకు కట్టుబడి ఉండనక్కరలేదు. నాకు పెంచలేదు గాని, పెంచే అవకాశం ఉందని ఆయన మొదటే హెచ్చరించారు.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. గడులు చూశాను, రెండవదానిలోనే గుర్తు ఉంది. అదృష్టవశాత్తు టికెట్ దొరికిన రోజునే గేటు నుంచి కారు దాకా ఆపకుండా ఒక వీడియో తీశాను. కాని కారు మా వారి పేరున ఉంది, నడిపింది నేను. ఇది మాకు పనికి వస్తుందా? ఇంకా, మా గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తోంది, దానికేమైనా ఇబ్బంది అవుతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

వీడియో ఉంటే మీ పరిస్థితి మారింది, వాదించమనే చెబుతాను. కారు యాజమాన్యం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. నియమం ఉల్లంఘించి నిలిపిన వాహనం ఎవరి పేరున నమోదై ఉంటే, వారే బాధ్యులని ప్రాథమికంగా భావించవచ్చని ఆ నిబంధనలలోనే ఉంది. మీరు నడిపి, ఆయనను ముందుకు తోసి, "ఈయన నడపలేదు" అని తప్పించుకోజూస్తే జడ్జికి నచ్చదు, నాకూ నచ్చదు. ఇద్దరూ వెళ్లి, నడిపింది ఎవరో ఉన్నదున్నట్లు చెప్పండి. విచారణ మొదలయ్యేముందు ప్రభుత్వం తరఫు న్యాయవాదితోగాని అధికారితోగాని మాట్లాడే వీలు దొరికితే, ఆ వీడియో అక్కడే చూపించండి. కేసును ఉపసంహరించుకునే అధికారం వారికి ఉంటుంది. ఒకవేళ ఓడినా, 14 రోజులలోగా డిస్ట్రిక్ట్ జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు.

గ్రీన్‌కార్డు గురించి మీ ఇమ్మిగ్రేషన్ లాయరును, డబ్బు కట్టకముందే అడగండి. ఏ దరఖాస్తులో ప్రశ్న ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఏమి రాయాలో ఉంటుంది. టికెట్ కంటే దాన్ని దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది.

మూడవ జవాబు

సైనిక స్థావరాలలో పనిచేసే కాంట్రాక్టర్లు ఇది చదువుతుంటే ఒక చిన్న చేర్పు. అక్కడ రెండు రకాల కాగితాలు ఇస్తారు. 1408 అన్న నంబరు ఉన్న ఫారం స్థావరం లోపలే తేలే వ్యవహారం, కోర్టు ప్రసక్తి ఉండదు. 1805 ఉంటే మాత్రం పైన చెప్పినదంతా వర్తిస్తుంది. మా సహోద్యోగి ఒకరు రెండవదాన్ని మొదటిదనుకుని సొరుగులో పడేశారు. విచారణ తేదీ ఉత్తరం ఇంటికి వచ్చాకగాని తెలియలేదు.

అడిగినవారు

ఈ చివరి మాట చదివి ఇప్పుడే రిజిస్ట్రేషన్ కాగితం తీసి చూశాను. కారు ఇంకా మా పాత అపార్ట్‌మెంటు చిరునామా మీదే ఉంది. అంటే విచారణ తేదీ ఉత్తరం అక్కడికే వెళుతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

వెళ్లే ప్రమాదం బాగా ఉంది. ఉత్తరం అందలేదన్నది హాజరు కాకపోవడానికి మంచి కారణమే గాని, దాన్ని వారంటు పుట్టాక చెప్పుకోవలసి వస్తుంది. రేపే నోటీసు నంబరు చెప్పి బ్యూరోలో మీ కొత్త చిరునామా నమోదు చేయించండి, విచారణ తేదీ ఏదైనా ఇచ్చారేమో కూడా అప్పుడే అడగండి. రిజిస్ట్రేషన్‌లో మార్పు విడిగా మీ రాష్ట్రపు మోటారు వాహనాల శాఖలో చేయించుకోవాలి, ఒకచోట మార్చితే రెండవచోట మారదు.